వైజాగ్‌లో మొదటి బైక్: ఏది కొనాలి, దేనికి ఒక ఏడాది ఆగాలి

మా అక్క కొడుకు ఈ ఏడాది మధురవాడ వైపు ఇంజినీరింగ్ కాలేజీలో చేరాడు. ఇల్లు గాజువాకలో. బస్సులో వెళ్ళి రావడానికే రోజులో సగం పోతోందని ఇంట్లో బైక్ కొనిస్తామన్నారు, అంతే, ఆ రాత్రి నుంచి నా ఫోన్‌కి యమహా ఆర్15 స్పోర్ట్స్ బైక్ ఫోటోలు రావడం మొదలైంది. "మావయ్యా, నువ్వు చెప్తే అమ్మ ఒప్పుకుంటాది" అంటాడు. వాడికి కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆఫీసులో, మా వీధిలో, చుట్టాల పెళ్ళిళ్ళలో ఇదే ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ముందే నా మాట చెప్పేస్తాను. మన ఊళ్ళో కొత్తగా గేర్ల బండి నేర్చుకునేవాళ్ళలో ఎక్కువమందికి 125 సీసీ బండి సరిపోతుంది. హైవే మీద రోజూ దూరం తిరగాల్సినవాళ్ళు ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్నది తీసుకోవాలి, అది 125లో అయినా సరే, 150లో అయినా సరే. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350లు, ఆర్15లు, కేటీఎం డ్యూక్‌లు మంచి బళ్ళే, కాకపోతే ఒక ఏడాది ఆగండి. ఎందుకు ఆగమంటున్నానో ఊరికే పెద్దవాళ్ళు చెప్పినట్టు చెప్పి వదిలేయను, కారణాలు రాస్తాను, చదివాక మీరే తేల్చుకోండి.

నా మొదటి బండి దాదాపు 190 కేజీలు ఉండేది. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది బోనస్ డబ్బులతో కొన్నాను, అప్పటికి నాకు గేర్ల బండి మీద ఉన్న అనుభవం మా నాన్న బండి మీద రెండు నెలలు. కొన్న పదకొండో రోజు దసపల్లా హిల్స్ వైపు ఎక్కే రోడ్డులో ముందున్న ఆటో ఆగింది, నేనూ ఆగాను, ఎడమ కాలు కింద పెట్టాను, సరిగ్గా అక్కడే పక్కన ఇల్లు కడుతున్నవాళ్ళ ఇసుక రోడ్డు మీదికి వచ్చి ఉంది. కాలు జారింది. బండి ఒరగడం మొదలెట్టాక మొదటి కొంచెం దూరం ఆపగలం అనిపిస్తుంది, ఆ తర్వాత ఇక మన చేతిలో ఉండదు, ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తు. చీలమండ బండి కింద పడింది. ఆటో ఆయనా, ఇంకో అబ్బాయీ కలిసి లేపారు. ఎముక విరగలేదు గానీ మూడు వారాలు కట్టుతో ఉన్నాను. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే ఆ తర్వాత ఆరు నెలలు ఎక్కడ ఎత్తు కనిపించినా నాకు టెన్షన్ వచ్చేసేది, నేర్చుకోవాల్సినదంతా నేర్చుకోకుండా బండిని ఇంటి దగ్గర పెట్టేసి బస్సెక్కేవాణ్ణి.

అందుకే నేను మొదట అడిగేది ఎన్ని సీసీలు, టాప్ స్పీడ్ ఎంత అని కాదు. బరువెంత, కాళ్ళు అందుతాయా, నెమ్మదిగా నడిపేటప్పుడు చెప్పిన మాట వింటుందా అని. మొదటి ఏడాదిలో బండి పడేది ఎనభైలో వెళ్తుంటే కాదు, ఎక్కువగా ఐదు పది స్పీడులోనే, యూటర్న్ తీసుకునేటప్పుడు, సిగ్నల్ దగ్గర, ఎత్తు మీద ఆగి మళ్ళీ కదిలేటప్పుడు, ఇంట్లో స్టాండ్ తీసేటప్పుడు. మన ఊరు కొండల మధ్య ఊరు. ఎత్తు మీద ఆగడం విజయవాడలో నేర్చుకునేవాడికి ఎప్పుడో ఒకసారి ఎదురవుతుందేమో, ఇక్కడ హనుమంతవాక, సింహాచలం ఘాట్, కైలాసగిరి, యారాడ కొండ, చివరికి చాలామంది అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు కూడా ఎత్తే.

సెల్లార్ ర్యాంపు అన్నాను కాబట్టి అక్కడే ఒక పరీక్ష చెప్తాను. కొనాలనుకుంటున్న బండి తెలిసినవాళ్ళ దగ్గర ఉంటే ఇంజిన్ ఆపేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, బండి పక్కన నిలబడి హ్యాండిల్ పట్టుకుని, సెల్లార్‌లో రెండు కార్ల మధ్య నుంచి వెనక్కి లాగి తిప్పి చూడండి. ఆ తర్వాత ర్యాంపు మొదట్లో, సమంగా ఉన్న నేల దాటి కాస్త ఎత్తు వచ్చే చోట, ఎక్కి కూర్చుని ముందు బ్రేకు వదిలి వెనక బ్రేకు మీద మాత్రమే బండిని నిలబెట్టి చూడండి. కుడికాలు బ్రేకు మీద ఉంటుంది కాబట్టి మొత్తం బరువు ఎడమకాలి మీదే పడుతుంది. పాదం మొత్తం ఆనుతుందా, మునివేళ్ళే ఆనుతున్నాయా? మునివేళ్ళే అయితే ఆ బండి ఇప్పుడు మీకు కాదు. షోరూమ్‌లో నున్నటి టైల్స్ మీద సెంటర్ స్టాండ్ వేసిన బండి ఎక్కి కూర్చుంటే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు బరువులు చూద్దాం. హోండా షైన్ 100 దాదాపు 99 కేజీలు. హీరో స్ప్లెండర్ ప్లస్ 112. షైన్ 125 ఒక కేజీ ఎక్కువ, ఎస్పీ 125 అయితే 116, టీవీఎస్ రైడర్ 123. హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్, యమహా ఎఫ్‌జెడ్-ఎస్ రెండూ 136 దగ్గర. అపాచీ 160 4వీ, ఎమ్‌టీ-15, ఆర్15 మూడూ 140 పైన. డ్యూక్ 200 దాదాపు 159. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 181, క్లాసిక్ 350 అయితే 195. షైన్ 100కీ క్లాసిక్‌కీ మధ్య తేడా దాదాపు రెండు బియ్యం బస్తాలు, యాభై కేజీలవి. ఆ రెండు బస్తాలూ మీ ఎడమకాలి మీద ఉన్నాయనుకుని ఆలోచించండి.

సీటు ఎత్తు కూడా చూడాలి. స్ప్లెండర్ 785 మిల్లీమీటర్లు, రైడర్ 780, ఎఫ్‌జెడ్ 790, క్లాసిక్ 805, ఆర్15 815, డ్యూక్ 200 అయితే 820 దాటుతుంది. ఐదడుగుల నాలుగంగుళాల లోపు ఉన్నవాళ్ళకి 790 దాటితే జాగ్రత్తగా ఎక్కి చూడమంటాను. ఒక్క అంకెతోనే తేల్చేయకూడదు లెండి, సీటు వెడల్పుగా ఉంటే తొడలు విడిపోయి కాలు ఇంకా పొట్టిగా అందుతుంది, సన్నగా ఉంటే అదే ఎత్తులో హాయిగా అందుతుంది. మా ఆఫీసులో ఒకావిడ సరిగ్గా ఐదడుగులు, స్కూటీ వద్దు గేర్ల బండే కావాలని పట్టుబట్టి షైన్ 100 తీసుకున్నారు, గోపాలపట్నం నుంచి సిరిపురం రోజూ దాని మీదే వస్తారు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర వర్షంలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజున కూడా బండి దిగి పక్కకి నెట్టుకుంటూ వచ్చేశానని చెప్పారు. బరువు తక్కువ బండికి ఉన్న సుఖం అదే, ఇబ్బంది వచ్చినప్పుడు దిగి నెట్టుకుపోవచ్చు.

100 సీసీ బళ్ళ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. స్ప్లెండర్ 1994 నుంచి ఉంది, ఏ సందులోని మెకానిక్ అయినా కళ్ళు మూసుకుని బాగుచేస్తాడు, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. ఊళ్ళోనే తిరిగేవాళ్ళకి, అంటే ఎంవీపీ నుంచి జగదాంబ, అక్కయ్యపాలెం నుంచి ద్వారకానగర్ లాంటి తిరుగుడుకి, ఇది చాలు. ఇద్దరు ఎక్కి సింహాచలం ఘాట్ ఎక్కితే రెండో గేరులో మూలుగుతుంది, హైవే మీద డెబ్భై దాటితే ఊపిరి ఆడనట్టు ఉంటుంది, వెనక నుంచి కంటైనర్ లారీ హారన్ కొడుతుంటే తప్పుకోవడానికి కావలసిన పికప్ ఉండదు. షీలానగర్, కూర్మన్నపాలెం వైపు పోర్టు లారీల మధ్య రోజూ తిరిగేవాళ్ళకి ఇది వద్దంటాను. ఇంకో చిన్న విషయం, స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ముందుకే తొక్కాలి, రైడర్, ఎఫ్‌జెడ్ లాంటివాటిలో ఒకటి కిందకి, మిగతావి పైకి. నాన్న స్ప్లెండర్ మీద నేర్చుకుని కొత్త బండి ఎక్కినవాళ్ళు మొదటి వారం గేరు పెంచబోయి తగ్గించేస్తారు, బండి ఒక్కసారి పట్టేసినట్టు అవుతుంది. అది తెలిసి ఎక్కితే చాలు, వారంలో కాలికి అలవాటైపోతుంది.

ఇక 125. నా ఓటు ఎక్కువగా ఇక్కడే. షైన్ 125, ఎస్పీ 125 ఇంజిన్ చాలా మెత్తగా ఉంటుంది, క్లచ్ తేలిక, కొత్తవాళ్ళు క్లచ్ గబుక్కున వదిలేసినా అంత మొండిగా దూకదు. ఎవరికైనా భయం ఎక్కువగా ఉంటే, లేక నలభై దాటాక మొదటిసారి నేర్చుకుంటుంటే, వాళ్ళకి నేను షైనే చెప్తాను. రైడర్ వేరే రకం. 11.4 పీఎస్ (ఇంజిన్ బలాన్ని కొలిచే లెక్క, దాదాపు హార్స్‌పవర్ లాంటిదే) దాకా పవర్ ఉంది, సీటు కిందకి ఉంది, చూడ్డానికి కుర్రాళ్ళకి నచ్చేలా ఉంటుంది, ఊళ్ళో ఓవర్‌టేక్‌కి సరిపడా పికప్ ఉంటుంది. కాలేజీ పిల్లలకి షైన్ చూపిస్తే మొహం ముడుచుకుంటారు, వాళ్ళని ఆర్15 నుంచి దింపడానికి రైడర్ బాగా పనికొస్తుంది, ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశాను. ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ఒక మాట: పిల్లాడికి అస్సలు ఇష్టం లేని బండి కొనిచ్చి లాభం లేదు, వాడు ఫ్రెండ్ బండి తీసుకుని తిరుగుతాడు, అది ఇంకా ప్రమాదం.

ఇక్కడే బ్రేకుల సంగతి వస్తుంది, దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన బళ్ళన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, 125, అంతకంటే తక్కువ ఉన్నవాటికి సీబీఎస్ ఉంటే చాలన్నారు. సీబీఎస్ అంటే కాలితో వెనక బ్రేకు నొక్కితే ముందు బ్రేకు కూడా కొంచెం పడుతుంది, అంతే. చక్రం లాక్ అయిపోతే అది ఏమీ చేయలేదు. ఏబీఎస్ అయితే చక్రం లాక్ కాబోతోందని తెలియగానే బ్రేకుని వదిలి పట్టుకుని వదిలి పట్టుకుని చేస్తుంది, లివర్ చేతిలో కొట్టుకున్నట్టు తెలుస్తుంది. కొత్తగా నేర్చుకున్నవాడు కుక్క అడ్డొచ్చినా, ఆటో సడన్‌గా ఆగినా ఏం చేస్తాడు? చేతిలో ఉన్న ముందు బ్రేకుని పిడికిలి బిగించినట్టు పట్టేస్తాడు. పొడి రోడ్డు మీద బతికిపోతాడు. బీచ్ రోడ్డులో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పలచగా పరుచుకుని ఉంటుంది, ముఖ్యంగా రుషికొండ దాటాక మలుపుల దగ్గర, పైనుంచి చూస్తే తారు నల్లగానే కనిపిస్తుంది. అక్కడ ముందు చక్రం లాక్ అయితే అనుభవం ఉన్నవాళ్ళు కూడా పడతారు. వాన మొదలైన మొదటి పది నిమిషాలు కూడా అంతే, రోడ్డు మీద ఉన్న ఆయిలు, దుమ్ము కలిసి సబ్బులా అవుతుంది, పోర్టు వైపు రోడ్లు తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి 125 బరువు, 150 బ్రేకు రెండూ ఒకే బండిలో కావాలంటే ఎక్స్‌ట్రీమ్ 125ఆర్‌లో ముందు చక్రానికి ఏబీఎస్ ఉన్న రకం ఉంది. బరువు 136 అని చెప్పాను కదా, మామూలు 125 కంటే ఎక్కువే, అయినా ఆ ఏబీఎస్ కోసం ఆ బరువు మోయొచ్చు అంటాను. ఒకవేళ సీబీఎస్ బండే తీసుకుంటే ముందు డిస్క్ ఉన్నదే తీసుకోండి, కొంచెం డబ్బులు మిగులుతాయని డ్రమ్ముకి దిగొద్దు.

మా వాడి సంగతికి వస్తాను. గాజువాక నుంచి మధురవాడ అంటే ఒకవైపే పాతిక కిలోమీటర్ల పైన, మొత్తం హైవే మీదే. ఎయిర్‌పోర్టు దాటి ఎన్ఏడీ ఫ్లైఓవర్, తాటిచెట్లపాలెం, గురుద్వారా, మద్దిలపాలెం, హనుమంతవాక ఎత్తు, ఎండాడ. ఈ దారిలో రోజూ లారీలతో, ప్రైవేటు బస్సులతో కలిసి వెళ్ళేవాడికి ఏబీఎస్ లేని బండి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. అందుకే వాడికి ఎఫ్‌జెడ్-ఎస్ చెప్పాను. 149 సీసీ, పవర్ 12.4 పీఎస్ మాత్రమే, అంటే రైడర్ కంటే పెద్ద ఎక్కువేం కాదు, స్పీడు పిచ్చి ఎక్కించే బండి కాదు. వెనక టైరు వెడల్పు, రోడ్డుని బాగా పట్టుకుంటుంది, నిటారుగా కూర్చోవచ్చు, ముందు ఏబీఎస్ ఉంది. "160 కాదా, 150యేనా" అన్నాడు. అపాచీ 160 4వీ కూడా మంచిదే, 17 పీఎస్ దాటి ఉంటుంది, అది రెండో మెట్టు బండి అనుకోమన్నాను, గేర్ల బండి ఇప్పటికే ఏడాది నడిపిన వాడైతే దానికే ఓటు వేసేవాణ్ణి.

ఆర్15 ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాను. అది చెడ్డ బండని కాదు, రెండు చక్రాలకీ ఏబీఎస్ ఉంది, క్లచ్ చాలా తేలిక, ఇంజిన్ అద్భుతం. కూర్చునే తీరే సమస్య. ముందుకి వంగి కూర్చోవాలి, బరువంతా మణికట్ల మీద పడుతుంది, సిగ్నల్ దగ్గర పది నిమిషాలు పాక్కుంటూ వెళ్తే చేతులు లాగేస్తాయి, హ్యాండిల్ తక్కువే తిరుగుతుంది కాబట్టి ఇరుకు రోడ్డులో యూటర్న్ తీసుకోవాలంటే రెండుసార్లు వెనక్కి లాగాలి. పక్కకి, వెనక్కి తిరిగి చూడటం ఇంకా అలవాటు కానివాడికి అద్దాల్లో కూడా సగం మోచేతులే కనిపిస్తాయి. పైగా చుట్టూ ప్లాస్టిక్ ఫెయిరింగ్, నిలబెట్టిన చోట ఒరిగినా అది పగులుతుంది, కొత్తవాళ్ళు బండి ఒకటి రెండుసార్లైనా ఒరగబెడతారు. ఇదే ఇంజిన్ మీద ఎమ్‌టీ-15 వస్తుంది, నిటారుగా కూర్చోవచ్చు, అదైనా 18 పీఎస్ దాటి ఉంటుంది, గేరు పూర్తిగా పట్టుబడకముందే చేతిలో అంత పవర్ ఎందుకు? డ్యూక్ 200 అయితే 25 పీఎస్. వాటి గురించి మా అక్క ముందు ఎత్తొద్దని కూడా చెప్పాను.

350ల విషయం వేరు. బుల్లెట్ అంటే మనవాళ్ళకి ఒక గౌరవం, తాతలనాటి ఇష్టం, అది నాకూ ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి ఇంకా చాలామంది అటు చూస్తున్నారు. ఇంజిన్ నెమ్మదిగా, కుదురుగా లాగుతుంది, స్పీడు వల్ల ప్రమాదం తక్కువే, నిజానికి కదిలాక క్లాసిక్ నడపడం చాలా తేలిక. కదలకముందే కష్టం. పూర్ణా మార్కెట్ దగ్గర రెండు బళ్ళ మధ్య ఇరికించి పెట్టిన క్లాసిక్‌ని బయటికి లాగడం, ఎత్తు మీద ఆపి పట్టుకోవడం, ఒకసారి పడితే ఒక్కడే లేపలేకపోవడం. నా సంగతి పైన రాశాను కదా. మీరు ఐదడుగుల ఎనిమిదంగుళాలు దాటి, ఒళ్ళు బలంగా ఉండి, తప్పనిసరిగా 350యే కావాలంటే హంటర్ చూడండి, బరువులో 14 కేజీలు తగ్గడమే కాదు, చిన్న చక్రాల వల్ల తిప్పడం తేలిక. స్పోక్స్ ఉన్న రకాలకి ట్యూబ్ టైర్లు ఉంటాయని, ఘాట్‌లో పంక్చరైతే అక్కడికక్కడ తేలదని కూడా గుర్తుపెట్టుకోండి, అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు ఉన్నది మేలు.

"మరి అరకు?" అని అడుగుతారు. ప్రతివాళ్ళూ అడుగుతారు. అరకు, లంబసింగి, వంజంగి ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తారు, రెండుసార్లా, మూడుసార్లా? మిగతా రోజులన్నీ తిరిగేది ఎన్ఏడీలో, జగదాంబలో. అయినా 125 మీద అరకు వెళ్ళలేరని ఎవరన్నారు, ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్‌లో ఇద్దరితో 125 మూడో గేరులో నింపాదిగా ఎక్కుతుంది, మరీ నిలువుగా ఉన్న చోట రెండో గేరు పడుతుంది. ఎక్కడం కంటే దిగడమే నేర్చుకోవాలి. ఏ గేరులో ఎక్కారో దాదాపు అదే గేరులో దిగండి, ఇంజినే బండిని పట్టుకుంటుంది, న్యూట్రల్‌లో పెట్రోలు మిగులుతుందని దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. లైసెన్స్ వచ్చిన మొదటి నెలలోనే మాత్రం వెళ్ళొద్దు.

పెట్రోలు లెక్క కూడా వేసుకోండి. రోజుకి ముప్పై కిలోమీటర్లు, నెలకి పాతిక రోజులు అంటే 750 కిలోమీటర్లు. ఊళ్ళో ట్రాఫిక్‌లో 125 బండి లీటరుకి 55 ఇస్తే దాదాపు 14 లీటర్లు, 150 బండి 45 ఇస్తే 17, 350 బండి 32 ఇస్తే 23 దాటుతుంది. లీటరు 110 అనుకుంటే 1,500, 1,850, 2,600 దగ్గర తేలుతుంది. 125కీ 150కీ నెలకి మూడు వందల చిల్లర తేడా, ఏబీఎస్ కోసం అది పెట్టొచ్చు, 350కి వెయ్యి దాటి తేడా, అది కాలేజీ పిల్లాడి జేబుకి బరువే. ఇన్సూరెన్స్‌లో ఒక సంగతి చాలామందికి తెలియదు. కొత్త బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి) ఐదేళ్ళకి ఒకేసారి కట్టాలి, అది సీసీని బట్టి ఉంటుంది. 2022లో పెట్టిన రేట్ల ప్రకారం 150 సీసీ లోపు బండికి 3,851, ఆ పైన 350 దాకా 7,365, జీఎస్టీ వేరే. 149 సీసీ ఎఫ్‌జెడ్ మొదటి దాంట్లోకి వస్తుంది, 155 సీసీ ఆర్15, 160 సీసీ అపాచీ రెండో దాంట్లోకి పోతాయి.

హైదరాబాద్ వాళ్ళు చెప్పే సలహాల్లో అస్సలు ఉండని విషయం, మనకి మాత్రం చాలా ముఖ్యమైనది, ఉప్పుగాలి. పాండురంగాపురం, చినవాల్తేరు, లాసన్స్ బే, జోడుగుళ్ళపాలెం, సముద్రానికి దగ్గరగా ఎక్కడున్నా సరే, బండి కొన్న మొదటి ఏడాదిలోనే చైను మీద ఎర్రటి పొడి కనిపిస్తుంది. మొదట తుప్పు పట్టేవి స్పోక్స్, సైలెన్సర్ అతుకులు, సైడ్ స్టాండ్ బోల్టు, సీటు కింద వెల్డింగులు. అందుకని ఇక్కడ క్రోమ్ మెరుపులు ఎక్కువున్న బండి కంటే నల్లటి పెయింటు, అలాయ్ చక్రాలు ఉన్న బండి ఎక్కువకాలం కొత్తగా ఉంటుంది. వారానికోసారి మంచినీళ్ళతో కడిగి తుడవండి, బీచ్‌లో గంట నిలబెట్టి వస్తే ఆ రోజే కడగండి. చైను నేను ఇలా చేస్తాను: సెంటర్ స్టాండ్ వేసి, పాత టూత్ బ్రష్ కిరోసిన్‌లో ముంచి ఒక్కో లింకూ రుద్దుతాను, నల్లటి జిడ్డు కారిపోయాక పాత బనీను గుడ్డతో చైను పట్టుకుని చక్రాన్ని వెనక్కి చేత్తో తిప్పుతాను, ఆరాక లోపలి వైపు నుంచి చైన్ లూబ్ కొడతాను. ఇంజిన్ ఆఫ్‌లోనే చేయాలి, స్టార్ట్ చేసి గేరు వేసి చక్రం తిరుగుతుంటే గుడ్డ పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఐదొందల కిలోమీటర్లకి ఒకసారి చేస్తే సరిపోతుంది, వానల్లో ఇంకాస్త ముందే. సెంటర్ స్టాండ్ లేని బళ్ళు కొన్ని ఉన్నాయి, కొనేటప్పుడు ఉందో లేదో చూసుకోండి, ఇంట్లో చైను చేసుకునేవాళ్ళకి అది లేకపోతే తలనొప్పి.

పాత బండి తీసుకుంటే? మంచి ఆలోచనే, నాకు నచ్చినదే. నాలుగైదేళ్ళు వాడిన షైనో, స్ప్లెండరో కొని ఏడాది దాని మీద నేర్చుకుని, గీతలు పడ్డా బాధపడకుండా, ఆ తర్వాత మనసుకి నచ్చిన బండి కొనుక్కోవచ్చు, పాతది పెద్ద నష్టం లేకుండా అమ్ముడవుతుంది. వైజాగ్‌లో పాత బండి చూసేటప్పుడు మీటరు కంటే ముందు తుప్పు చూడండి. సీటు తీయించి కింద ఫ్రేము మీద టార్చి వేయండి, సైలెన్సర్ అడుగున వేలితో తట్టండి, గుల్ల శబ్దం వస్తే లోపల తినేసినట్టే. కొత్తగా నల్ల పెయింటు కొట్టి ఉంటే ఎందుకు కొట్టారో అడగండి. ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోల్చుకోండి, ఎంపరివాహన్ యాప్‌లో వివరాలు చూడండి, చలాన్లు ఉన్నాయేమో ఆరా తీయండి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిపోయిందని బ్యాంకు ఇచ్చే ఫారం 35, ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా డబ్బులు ఇవ్వొద్దు, పేరు మార్పుకి ఫారం 29, 30 సంతకాలు అదే రోజు తీసుకోండి. ఏపీ31 నంబరు బండి అంటే 2019కి ముందుది, రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే ఉంటుంది కాబట్టి ఇంకెన్నాళ్ళు మిగిలిందో లెక్క చూసుకోండి. ఒడిశా నంబర్ల బళ్ళు మన దగ్గర తక్కువకి వస్తుంటాయి, అక్కడి ఆర్టీవో ఎన్ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టి, మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించేసరికి ఆ తక్కువ కాస్తా పోతుంది.

లైసెన్స్ సంగతి క్లుప్తంగా. పద్దెనిమిది నిండాలి. ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్స్, ఆరు నెలలు ఉంటుంది, తీసుకున్న ముప్పై రోజుల తర్వాత టెస్టుకి వెళ్ళొచ్చు. గేర్లు లేని స్కూటీ మీద టెస్టు ఇచ్చి తెచ్చుకున్న లైసెన్స్‌తో గేర్ల బండి నడపకూడదు, ఇది తెలియక చాలామంది నడుపుతున్నారు, రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది. పద్దెనిమిది నిండని పిల్లలకి తాళం ఇస్తే తల్లిదండ్రులకే 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు అని చట్టంలో ఉంది. నేర్చుకోవడానికి కొమ్మాది, ఆనందపురం వైపు ఇళ్ళు లేని లేఅవుట్ రోడ్లు బోలెడు, ఆదివారం పొద్దున్నే అక్కడికి తీసుకెళ్ళండి. మొదటి రెండు గంటలు యాక్సిలరేటర్ ముట్టుకోకుండా హాఫ్ క్లచ్ మీదే, అంటే క్లచ్ సగమే వదిలి, బండి నడిపించండి, తర్వాత ఎనిమిది ఆకారంలో తిప్పించండి, ఆఖరుగా ఏదైనా చిన్న ఎత్తు చూసి అక్కడ ఆపి, వెనక బ్రేకు మీద నిలబెట్టి, క్లచ్ వదులుతూ బండి ముందుకి లాగుతున్నట్టు అనిపించాకే బ్రేకు వదలడం ఇరవై సార్లు చేయించండి. మా వాడితో నేను ఇరవై అనుకుని ముప్పై సార్లు చేయించాను, విసుక్కున్నాడు, చేశాడు.

బండి బడ్జెట్‌లోంచి ఐదారు వేలు ముందే పక్కన పెట్టండి, హెల్మెట్‌కి, గ్లౌజులకి, రెయిన్‌కోట్‌కి. ఐఎస్ఐ గుర్తు ఉన్న, మొహమంతా కప్పే హెల్మెట్, తలకి బిగుతుగా, పట్టీ బిగించి రెండు చేతులతో ఊపితే ఊగకూడదు. వెనక కూర్చునేవాళ్ళకీ తప్పనిసరి కాబట్టి రెండోది కూడా. కొత్త బండితో పాటు హెల్మెట్ ఇవ్వాలని రూల్స్‌లో ఉంది, షోరూమ్‌లో అడిగి తీసుకోండి, అది వెనక కూర్చునేవాళ్ళకి పనికొస్తుంది.

షోరూమ్‌లో నాకైన అనుభవం ఒకటి. మా వాడి బండికి ఒక చోట కొటేషన్ అడిగితే ఎక్స్ షోరూమ్ ధర, లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాకుండా హ్యాండ్లింగ్ అని ఒకటి, యాక్సెసరీస్ ప్యాక్ అని ఇంకోటి కలిపి ఆరు వేల పైన వేశారు. ఇవి వద్దు, ఒక్కో లైనూ దేనికో రాసివ్వండి అన్నాను. అవి లేకపోతే డెలివరీ ఆలస్యం అవుతుందన్నారు. ఊళ్ళో షోరూమ్ అదొక్కటే కాదు కదా, ఇంకో దాంట్లో హ్యాండ్లింగ్ తీసేసి ఇచ్చారు. క్రాష్ గార్డు, చీర గార్డు, సీటు కవరు, ఇంజిన్ గార్డు అన్నీ ఒకే ప్యాకేజీ అంటే ఒప్పుకోకండి, వెనక చక్రానికి రక్షణ, వెనకవాళ్ళు పట్టుకునే పిడి చట్టప్రకారం బండితోనే రావాలి.

డెలివరీ రోజు తొందరపడకండి. పూజ ఎలాగూ ఉంటుంది, పూజకి ముందే పగటి వెలుతురులో బండి చుట్టూ తిరిగి గీతలు చూడండి, ఛాసిస్ నంబరు కాగితాలతో సరిచూడండి, ఇండికేటర్లు, హారన్, రెండు బ్రేకులకీ వెనక లైటు వెలుగుతోందో లేదో చూడండి, టైర్లలో గాలి కొట్టించండి. మొదటి ఐదొందల కిలోమీటర్లు ఒకే స్పీడులో లాగకుండా, అరవై దాటకుండా నడపండి, మొదటి సర్వీసు పుస్తకంలో రాసిన కిలోమీటర్లు, తేదీ రెండింటిలో ఏది ముందొస్తే అప్పుడు చేయించండి. కొత్త టైర్ల మీద నున్నటి పొర ఉంటుంది, మొదటి వంద కిలోమీటర్లు మలుపుల్లో పడుకోబెట్టొద్దు. షోరూమ్‌వాళ్ళు ట్యాంకులో పెట్రోలు చుక్కలే పోస్తారు, బయటికి రాగానే దగ్గర్లో బంకు ఎక్కడుందో ముందే చూసుకుని బయల్దేరండి.